దండు విడిచిన వాద్యకుడు: విలియం హెర్షెల్ మహాశయుని చరిత్రము

ఈ సంచికయందు మన కులపెద్దల చరిత్రములతోపాటు పరదేశీయుడగు ఒక మహనీయుని చరిత్రమును గూడ ఏల చేర్చవలసి వచ్చెనని కొందరు ప్రశ్నింపవచ్చును. ఆ ప్రశ్నకు సమాధానము ముందు చెప్పి, పిమ్మట చరిత్రములో ప్రవేశించెదము.

మన నాయీబ్రాహ్మణ కుటుంబములలో తరతరములుగా రెండు విద్యలు నిలిచియున్నవి. ఒకటి పొది; రెండవది మంగళవాద్యము. సన్నాయియు డోలును లేనిదే తెలుగునాట పెండ్లి లేదు, దేవుని కల్యాణము లేదు. అయినను సన్నాయి చేతబట్టిన తండ్రి తన కుమారుడు వేరొక కొలువు చూచుకొనిన మేలని తలంచుట మన యిండ్లలో క్రొత్త సంగతి కాదు. అట్టి కొలువులలో దండు కొలువు ఒకటి. పూర్వము దండునుండి మరలి వచ్చువాడు పదునైదేండ్లో అంతకు మించియో పనిచేసి పింఛనుతో వచ్చెడివాడు. 2022లో కేంద్రప్రభుత్వమువారు ప్రకటించిన అగ్నిపథ పద్ధతిలో కొలువు 4 ఏండ్లు మాత్రమే. వారిలో నూటికి 25 మందికి మించకుండ దండులో నిలుపుకొందుమని ప్రకటన సమయమున తెలిపిరి. తక్కినవారిలో పలువురు 25 ఏండ్లు నిండకమున్నే ఇంటిదారి పట్టవలసినవారే. వారికి ఒక్కసారిగా ముట్టు సొమ్ము కలదు గాని పింఛను లేదు. ఆ సొమ్ము ఏనాటికైనను వ్యయమగును. పిమ్మట కడవరకు నిలుచు వృత్తి ఏది? తండ్రి విద్యను మరల చేపట్టుట నామోషీ యగునా? చేతికందిన మొదటి జీతమునే నమ్ముకొని యుండవలెనా? ఇవి నేడు మన యిండ్లలో పుట్టుచున్న ప్రశ్నలు.

సరిగా ఇట్టి ప్రశ్నలే 1757లో జర్మనీదేశమునందలి హానోవరు నగరమున ఒక వాద్యకుని యింట పుట్టెను. ఆ యింటి కుమారుడును 4 ఏండ్లే దండులో పనిచేసి, 19 ఏండ్లు నిండకమున్నే దానిని విడిచెను. అతడు కాలక్రమమున ఆకాశమునందు ఒక క్రొత్త గ్రహమును కనుగొని లోకవిఖ్యాతుడయ్యెను. అతడే విలియం హెర్షెల్. ఆ మహాశయుని కీర్తి అందరెరిగినదే. ఆ కీర్తికి ముందు 25 ఏండ్లు అతడు ఏమి చేసి బ్రతికెనో పలువురెరుగరు. మన యువకులకు కావలసినది ఆ భాగమే గనుక దానినే విస్తరించి చెప్పెదము.

జననము, కుటుంబము

హెర్షెల్ 1738 నవంబరు 15వ తేదీన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఫ్రీడ్రిక్ విల్‌హెల్మ్. తాత తోటమాలి. తండ్రి ఐజక్ హెర్షెల్ తోటపని విడిచి వాద్యమునం దాసక్తుడై, హానోవరు దండులోని కాల్బలపు రక్షకదళమునందు ఓబో యను వాద్యమును వాయించు కొలువున చేరెను. ఈ ఓబో మనకు పరాయిది కాదు. రెండు రెల్లు రేకులను జోడించిన పీకతో ఊదెడి వాద్యము గనుక అది మన సన్నాయికి జ్ఞాతియని చెప్పవచ్చును. తల్లి పేరు అన్నా ఇల్స. ఆ దంపతులకు పదిమంది సంతానము కలుగగా ఆరుగురు మాత్రమే బ్రతికిరి. కుమారులందరికిని తండ్రియే సంగీతగురువు. మన మేళగాండ్ర యిండ్లలో బిడ్డ నడక నేర్చుటయు తాళము నేర్చుటయు ఏకకాలమున జరుగునట్లు ఆ యింటను జరిగెను.

ఐజక్ ధనవంతుడు కాడు. ఆరోగ్యవంతుడును కాడు. 1743లో డెట్టింగెను వద్ద జరిగిన యుద్ధమున అతడు దండు వెంటనుండి, ఒక రాత్రియంతయు తడినేలపై గడపుటచే రోగము పాలయ్యెను. ఆ యుబ్బసము అతనిని మరణపర్యంతము విడువలేదు. దండు జీతము ఎట్టిదో, దండు వలన దేహమున కేమి సంభవించునో ఆ తండ్రి కనుభవపూర్వకముగా తెలియును. అయినను అతడు బీదరికమును సాకుగా జేసికొని పిల్లల చదువును ఆపలేదు. రాత్రివేళ పిల్లలతో సంగీతమును గూర్చియు తత్త్వశాస్త్రమును గూర్చియు చర్చలు సాగించెడివాడు. మంచు కురియు రాత్రులయందు చిన్నకుమార్తె కరోలినును వీధిలోనికి దీసికొనిపోయి నక్షత్రములను చూపించెడివాడు. ఆ వీధిచూపులు వృథా పోలేదని ముందు తెలియగలదు.

దండులో 4 ఏండ్లు

1753లో, 14 ఏండ్ల ప్రాయమున, విలియము తండ్రి పనిచేయు దండులోనే వాద్యకుడుగా కుదిరెను. అన్న యాకోబు అప్పటికే అచ్చట నుండెను. తండ్రికొడుకులు ముగ్గురును ఒకే మేళమున వాయించిరన్నమాట. ఆ కాలమున ఇంగ్లండును హానోవరును ఒకే రాజు పాలించెడివాడు. ఫ్రెంచివారు దండెత్తి వత్తురను భయముచే 1756లో హానోవరు దండును ఇంగ్లండునకు రప్పించిరి. అచ్చట గడపిన కొద్దినెలలలో విలియము ఇంగ్లీషు భాష నేర్చుకొనెను. చేతిలో మిగిలిన కొద్దిసొమ్ముతో బట్టలు గాని భోగవస్తువులు గాని కొనక, లాక్ అను తత్త్వవేత్త రచించిన గ్రంథమును కొనెను. పరాయిదేశమునకు కొలువుపై పోయినవాడు అచ్చటి భాషను సంపాదించుకొని వచ్చుట ఎంతటి లాభమో అతనికి మరుసటి యేటనే తెలిసివచ్చెను.

1757 జూలై 26వ తేదీన హాస్టెన్‌బెక్ వద్ద హానోవరు సైన్యమునకును ఫ్రెంచి సైన్యమునకును యుద్ధము జరిగెను. హానోవరువారు ఓడిరి. యుద్ధసమయమున వాద్యకులను పట్టించుకొనువారు లేరు. వారికి తిండిలేదు, నీడలేదు. బురదనేలపై పడుకొనుట, తడిబట్టలతో నడచుట నిత్యకృత్యములయ్యెను. డెట్టింగెనులో తనకు ప్రాప్తించిన రోగమే కుమారునకును ప్రాప్తించునని తండ్రి భయపడెను. సంగీతవిద్య చేతనున్న బిడ్డ దండులో నుండి దేహము చెడగొట్టుకొనుటకంటె బయటికి పోయి బ్రతుకుట మేలని నిశ్చయించి, దండు విడువుమని తానే ఆదేశించెను. ఆ యేడు ముగియకమున్నే విలియమును యాకోబును ఇంగ్లండు చేరిరి.

ఇచ్చట ఒక అపవాదమును తొలగింపవలసియున్నది. హెర్షెల్ దండునుండి పారిపోయినవాడనియు, పిమ్మట రాజు అతనిని క్షమించెననియు ఒక కథ చాలకాలము ప్రచారములోనుండెను. చిన్నవయస్సువాడగుటచే అతనిచేత సైనిక ప్రమాణము చేయింపలేదు. అంతటితో తృప్తిపడక తండ్రి శ్రమించి, కుమారునకు విడుదల పత్రమును 1762లో దండు అధికారులచే వ్రాయించి సంపాదించెను. కొలువు విడుచుటయు ఒక ధర్మము ప్రకారమే జరుగవలెను. పత్రము లేక విడిచిన కొలువు నీడవలె జీవితమంతయు వెంటాడును. మన యువకులు తమ విడుదల పత్రములను, కొలువు యోగ్యతాపత్రములను భద్రపరచుకొనవలెనని ఈ సందర్భమున మనవి చేయుచున్నాము.

చేతిలోని విద్యయే చేయూత

లండను నగరమున అన్నదమ్ములకు దిక్కులేదు. విలియము సంగీతపు కాగితములకు ప్రతులు వ్రాసియిచ్చి కూలి సంపాదించెను. సింహాసనము నెదుట వాయింపవలెనను కోరిక యున్నవాడు పరుల స్వరములకు నకలు వ్రాయుట చిన్నతనముగా నెంచలేదు. యాకోబు మాత్రము 1759లో హానోవరునకు మరలిపోయి అచ్చటి ఆస్థానమేళమున చేరెను. విలియము నిలిచెను.

1760 ప్రాంతమున డర్హాము మండలపు స్వచ్ఛంద సైనికదళపు వాద్యబృందమునకు శిక్షకుడు కావలసియుండగా అతడు ఆ పనికి కుదిరెను. దండులో నేర్చిన పని దండు వెలుపలి జీవనమునకు మొదటిమెట్టు అయ్యెను. పిమ్మట ఇంగ్లండు ఉత్తరభాగమునందలి పట్టణములన్నింటను గుఱ్ఱముపై తిరుగుచు, ఒకచోట పాఠములు చెప్పి, ఇంకొకచోట కచ్చేరీ చేసి, రాత్రులు సంగీతరచన సాగించెను. 1762 మొదలు 1766 వరకు లీడ్సు పట్టణమున కచ్చేరీల నిర్వాహకుడుగా నుండెను. ఆ దినములలో అతడు వ్రాసిన సింఫనీలు, అనగా వాద్యబృందరచనలు, 24. అవి నేటికిని వాయింపబడుచున్నవి.

1766లో హాలిఫాక్సు పట్టణపు చర్చిలో క్రొత్త ఆర్గను వాద్యమునకు వాద్యకుని నెన్నుకొనుటకు పోటీ జరుగగా హెర్షెల్ గెలిచెను. అచ్చట కొద్దినెలలే యుండి, అంతకంటె ఉన్నతమైన పిలుపు రాగా ఆ సంవత్సరము చివర బాత్ నగరము చేరెను. ధనవంతులు ఆరోగ్యస్నానములకై వచ్చు నగరమది. అచ్చట ఆక్టగను చాపెలు అను ప్రార్థనామందిరమున ఆర్గను వాద్యకుడుగా కుదిరి, ప్రభువుల బిడ్డలకు పాఠములు చెప్పి, 1776 నాటికి నగరపు వాద్యబృందమున కధిపతి యయ్యెను. ఏటికి సుమారు 400 పౌనుల రాబడి కలిగెను. ఆ కాలమున వాద్యకునకు అది ఘనమైన రాబడియే.

దండు విడిచి ఇప్పటికి 19 ఏండ్లు. ఒక్కనాటిలో ఏదియు రాలేదు. నకలు వ్రాత, దళశిక్షణ, ఊరూరి పాఠములు, కచ్చేరీ నిర్వహణము, దేవళపు కొలువు, నగరమేళపు అధిపత్యము: ఇవి సోపానములు. ఇందులో ఏ మెట్టును దాటవేయుటకు వీలులేదు. అన్నింటికిని ఆధారము తండ్రి నేర్పిన విద్య ఒక్కటే. దండునుండి వచ్చిన కొడుకు తండ్రి వాద్యమును అటకపై పెట్టి, తనకు పరిచయము లేని వ్యాపారమున కొలువుసొమ్మంతయు పోసి పోగొట్టుకొనుట మనము చూచుచున్నాము. చేతనున్న విద్యను మొదట అన్నముగా జేసికొనుము, పిమ్మట నీ యిష్టమైన దిక్కునకు నడువుము అని ఈ చరిత్రము బోధించుచున్నది.

సోదరి కరోలిన్

తండ్రి 1767లో గతించెను. ఆ పిమ్మట హానోవరులోని యింట కరోలిన్ స్థితి దాసికంటె మేలుగా లేదు. పదేండ్ల ప్రాయమున వచ్చిన జ్వరముచే ఆమె ఎదుగుదల ఆగిపోయెను. ఆమెకు వివాహము కాదని ఇంటివారు నిశ్చయించుకొని వంటపనిలోను కుట్టుపనిలోను పెట్టిరి. ఆడుబిడ్డకు చదువు అక్కరలేదని తల్లి అభిప్రాయము. విలియము 1772లో స్వయముగా హానోవరునకు పోయి, ఇంటిపనికి దాసినొకతెను పెట్టుకొనుటకై తల్లికి ఏటేట సొమ్ము పంపుటకు ఒడంబడి, 22 ఏండ్ల చెల్లెలిని బాత్ నగరమునకు దీసికొనివచ్చెను. ఆమెకు ఇంగ్లీషును, గణితమును, గానమును నేర్పెను. ఆమె కొద్ది సంవత్సరములలో నగరపు కచ్చేరీలలో ప్రధాన గాయనిగా పాడెను. తమ్ముడు అలెగ్జాండరు కూడ అచ్చటనే చేరి వాద్యకుడై, పనిముట్లు చేయుటయందును సాయపడెను. ఇంటియందొక మేళము, ఆ మేళమే పిమ్మట ఒక కర్మాగారము.

అద్దమునకు సానబెట్టుట

సంగీతశాస్త్రమును లోతుగా నెరుగుటకై హెర్షెల్ రాబర్టు స్మిత్ అను పండితుడు రచించిన స్వరశాస్త్ర గ్రంథమును చదివెను. ఆ పండితుడే వెలుతురును గూర్చియు ఒక గ్రంథము వ్రాసెనని తెలిసి దానిని చదివెను. అందు దూరదర్శినులు చేయు విధానము కలదు. స్వరమునుండి గణితమునకు, గణితమునుండి కాంతికి, కాంతినుండి ఆకాశమునకు దారి యేర్పడెను. 1773లో ఖగోళగ్రంథములు కొని చదువసాగెను. మంచి దూరదర్శిని కొనుటకు తగిన సొమ్ము లేదు. కనుక తానే చేసికొన నిశ్చయించెను.

ఆనాటి దూరదర్శినికి గాజు అద్దము కాదు, లోహపు అద్దము. రాగియు తగరమును కరగించి పోతపోసి, అరగదీసి, నునుపు చేయవలెను. కత్తికి సానబెట్టుటలో చేతి యొత్తిడి ఒక్కింత మారిన అంచు చెడునని మన పనివారందరెరుగుదురు. అద్దపు పని అంతకంటె కఠినము. నునుపు చేయునప్పుడు చేయి ఆపిన అద్దము చెడును. ఒకమారు 16 గంటలు అతడు చేయి తీయకుండ పనిచేయగా, కరోలిన్ ప్రక్కన కూర్చుండి ముద్దలు నోటికందించెనట. పగలంతయు పాఠములు, సాయంకాలము కచ్చేరీ, రాత్రి ఆకాశవీక్షణము. కచ్చేరీలో నడుమ విరామము దొరికిన దూరదర్శిని వద్దకు పరుగెత్తెడివాడు. ఇంటిలో ఒక గది కొలిమి, ఇంకొక గది తరిమెనశాల.

1781 ఆగస్టులో పెద్ద అద్దమునకు పోత పోయుచుండగా మూస పగిలి, కరగిన లోహము నేలపై ప్రవహించి, రాతిపలకలు పేలి లేచెను. పనివారును హెర్షెల్ సోదరులును ప్రాణములతో తప్పించుకొనిరి. ఆ ప్రయత్నము అప్పటికి విఫలమయ్యెను. కాని దానికి కొన్ని నెలలకు ముందే ఆ యింటి పెరటిలో లోకము మరువరాని కార్యము జరిగియుండెను.

క్రొత్త గ్రహము

1781 మార్చి 13వ తేదీ రాత్రి 10 గంటలకు పిమ్మట, బాత్ నగరమున న్యూకింగు వీధిలోని 19వ నంబరు యింటి పెరటినుండి 7 అడుగుల దూరదర్శినితో మిథునరాశి దిక్కున చూచుచుండగా, అతనికి నక్షత్రమువలె బిందువుగా గాక చిన్న బిళ్లవలె కనబడు జ్యోతి యొకటి అగపడెను. నాలుగు దినములకు మరల చూడగా అది చోటు మారియుండెను. తోకచుక్క కావచ్చునని తలంచి శాస్త్రసంఘమునకు తెలిపెను. ఐరోపాలోని గణితజ్ఞులు దాని మార్గమును గణించి అది తోకచుక్క గాదనియు, శనికి వెలుపల సూర్యుని చుట్టు తిరుగు గ్రహమనియు నిర్ణయించిరి. అదియే నేడు యురేనస్ అని పిలువబడునది. అది సూర్యుని చుట్టివచ్చుటకు 84 ఏండ్లు పట్టును. సూర్యునికి శని యెంతదూరమో దానికి సుమారు రెండింతల దూరమున అది యున్నది. మనుష్యజాతి అనాదిగా కంటితో చూచి యెరిగిన గ్రహములకు ఒకటి క్రొత్తగా చేరుట అదియే మొదలు.

దీనిని అదృష్టమని కొందరనిరి. అది సరిగాదు. ఆ జ్యోతిని అంతకుముందే చూచి, నక్షత్రమని గుర్తించి వ్రాసికొని విడిచిన జ్యోతిష్కులు కలరు. వారి పరికరములకు ఆ బిళ్ల కనబడలేదు. తన చేతితో సానబెట్టిన అద్దము, ప్రతి నక్షత్రమును వరుసగా పరీక్షించు ఓపిక, ఈ రెండును హెర్షెల్‌కు ఆ గ్రహమును చూపినవి. 1781లోనే రాయల్ సొసైటీ అతనికి కాప్లీ పతకమిచ్చి, సభ్యునిగా జేర్చుకొనెను.

ఇచ్చట పోషక మహాశయులకు ఒక మాట మనవి చేయుదుము. 1779లో ఒకనాటి రాత్రి హెర్షెల్ ఇంటియెదుట వీధిలో దూరదర్శిని నిలిపి చంద్రుని చూచుచుండగా, ఆ దారిని పోవు వాట్సను అను వైద్యుడు ఆగి, తానును చూచెదనని కోరి, చూచి, మరునాడు వచ్చి స్నేహము చేసికొనెను. ఆయనయే హెర్షెల్‌ను పండితసంఘములకు పరిచయము చేసెను. వీధిలో నిలిచిన వాద్యకుని పనిముట్టును ఆగి చూచు పెద్దమనిషి ఒక్కడు లేకున్న, ఎంతటి ప్రతిభయు వీధిలోనే యుండిపోవును.

సగము రాబడికి ఒప్పుకొనుట

1782లో మూడవ జార్జి రాజు హెర్షెల్‌ను పిలిపించి, అతని దూరదర్శినితో ఆకాశమును చూచి సంతోషించి, ఏటికి 200 పౌనుల వేతనము నిర్ణయించెను. రాజభవనమునకు సమీపమున నివసించుచు, కోరినపుడు రాజకుటుంబమునకు ఆకాశము చూపుటయే పని. తక్కినకాలమంతయు పరిశోధనకు స్వేచ్ఛ. కాని ఆ వేతనము సంగీతమువలన వచ్చు రాబడిలో సగము మాత్రమే. అతనికి 43 ఏండ్లు. నగరమంతయు మెచ్చిన వృత్తి చేతిలోనున్నది. అయినను ఆలోచించి సగమునే గ్రహించెను. ఆ సంవత్సరము వేసవి ముందు చివరిసారి దేవళమున వాయించి, సంగీతవృత్తికి నమస్కరించి, కరోలినుతో డాచెటు గ్రామము చేరెను.

హెర్షెల్ మూర్ఖముగా త్యాగము చేసినవాడు కాడు. తక్కువపడిన సొమ్మును తన చేతిపనితోనే పూరించుకొనెను. దూరదర్శినులు చేసి రాజులకును ధనికులకును అమ్మెను. స్పెయిను రాజుకొరకు చేసిన పెద్ద దూరదర్శినికి 3,150 పౌనులు వచ్చెను. జీవితకాలమున అతడు చేసిన అద్దములు 400కు మించినవి. దండు విడిచినపుడు సంగీతము అన్నము పెట్టెను. సంగీతము విడిచినపుడు అద్దపుపని లోటు తీర్చెను. ఒక పడవపై కాలు నిలిచిన పిమ్మటనే ఇంకొక పడవపై కాలుపెట్టుట అతని నీతి.

ఈ నిర్ణయమువలన ఎక్కువగా త్యాగము చేసినది కరోలిన్. గాయనిగా పరనగరమునుండి పిలుపు వచ్చినను ఆమె అన్న నిర్వహణమున తప్ప పాడనని పోలేదు. ఇప్పుడు పాటయే మానవలసివచ్చెను. ఆమె రాత్రులు మంచులో కూర్చుండి అన్న చెప్పునది వ్రాసికొని, పగలు లెక్కలు కట్టెడిది. 1783 డిసెంబరు 31వ తేదీ రాత్రి మంచుపై జారి, దూరదర్శిని యొక్క ఇనుపకొక్కెము తొడలో దిగి గాయపడెను. అయినను పని మానలేదు. 1786లో తానొక తోకచుక్కను కనుగొనెను. మొత్తమున 8 తోకచుక్కలు ఆమె కనుగొన్నవి. 1787లో రాజు ఆమెకు ఏటికి 50 పౌనుల వేతన మిచ్చెను. శాస్త్రపరిశోధనకై ఇంగ్లండున వేతనము పొందిన స్త్రీలలో ఆమెయే మొదటిది. మంత్రసానులై ఎందరికో ప్రాణదానము చేసిన తల్లులు గల కులము మనది. మన ఆడుబిడ్డల చదువును గూర్చి ఇంతకంటె చెప్పవలసినది లేదు.

తరువాతి కార్యములు

1786లో హెర్షెల్ స్లౌ గ్రామమున స్థిరపడెను. 1787లో యురేనస్ గ్రహమునకు రెండు ఉపగ్రహములను, 1789లో శనిగ్రహమునకు రెండు ఉపగ్రహములను కనుగొనెను. రాజు ఇచ్చిన 4,000 పౌనులతో 40 అడుగుల పొడవును 48 అంగుళముల అద్దమును గల మహాదూరదర్శినిని 1789 నాటికి పూర్తిచేసెను. దేశదేశములవారు దానిని చూడవచ్చిరి. కాని నిజము చెప్పవలెనన్న, దానికంటె చిన్నదగు 20 అడుగుల దూరదర్శినియే అతనికి ఎక్కువ పని చేసిపెట్టెను. పెద్ద పనిముట్టు పేరు తెచ్చెను. చేతికి లొంగిన పనిముట్టు ఫలము తెచ్చెను. 1786, 1789, 1802 సంవత్సరములలో ప్రకటించిన మూడు పట్టికలలో నీహారికలును నక్షత్రగుంపులును కలిపి 2,500 చేర్చెను. 1800లో సూర్యకాంతిని పట్టకముచే విభజించి, ఎఱుపునకు ఆవల కంటికి కానరాని వేడికిరణములున్నవని ఉష్ణమాపకముతో నిరూపించెను. అవే పరారుణ కిరణములు. సూర్యమండలమునను చంద్రునియందును ప్రాణులున్నవని అతడు నమ్మెను. ఆ నమ్మకము తప్పని పిమ్మట తేలినది. మహనీయులును సర్వజ్ఞులు కారు.

1788లో మేరీ పిట్ అను వితంతువును వివాహమాడెను. 1792లో పుట్టిన కుమారుడు జాన్ హెర్షెల్ తండ్రి పనిని కొనసాగించి తానును గొప్ప శాస్త్రజ్ఞుడయ్యెను. 1816లో హెర్షెల్‌కు సర్ బిరుదము లభించెను. 1821లో లండనులోని ఖగోళశాస్త్ర సంఘమునకు మొదటి అధ్యక్షుడయ్యెను. 1822 ఆగస్టు 25వ తేదీన, 83 ఏండ్ల ప్రాయమున, స్లౌలో దేహము చాలించెను. కరోలిన్ హానోవరునకు మరలిపోయి, 1828లో ఖగోళశాస్త్ర సంఘముచే స్వర్ణపతకము పొంది, 1848 జనవరిలో 97 ఏండ్ల వయస్సున గతించెను. బాత్ నగరమున వారు నివసించిన యిల్లు నేడు ప్రదర్శనశాలగా నున్నది. 2009లో ఐరోపా అంతరిక్షసంస్థవారు పంపి, 2013 వరకు పనిచేయించిన పరారుణ దూరదర్శినికి హెర్షెల్ పేరే పెట్టిరి.

మనము గ్రహింపవలసినది

ఈ చరిత్రమును చదివి మన యువకులందరును గ్రహములు కనుగొనవలెనని మేము కోరము. దండునుండి వచ్చిన బిడ్డ కడవరకు నిలుచు వృత్తి నెన్నుకొనునపుడు హెర్షెల్ నడచిన త్రోవను ఒక్కమారు తలంచుకొనవలెనని మాత్రమే కోరుదుము. కొలువును పత్రముతో విడువవలెను. కొలువులో నున్నపుడే పరభాషను, పరవిద్యను సంపాదింపవలెను. వచ్చిన మొదటి సంవత్సరములలో తన చేతికి తెలిసిన విద్యను, అది సన్నాయి కానిండు, పొది కానిండు, దండులో నేర్చిన యంత్రపుపని కానిండు, నామోషీ లేక చేపట్టవలెను. దానితో అన్నము నిలిచిన పిమ్మట మనస్సు పిలుచు దిక్కునకు నడువవలెను. ఆ దిక్కు దొరికినపుడు రాబడి కొంత తగ్గినను జంకరాదు.

పెద్దలకును కర్తవ్యము కలదు. ఐజక్ హెర్షెల్ బీద వాద్యకుడు. అతడు కుమారునకు ఆస్తి ఇవ్వలేదు. విద్య ఇచ్చెను, దండులో నుండవలదని సమయమునకు చెప్పెను, శ్రమపడి విడుదల పత్రము తెచ్చిపెట్టెను. మన తండ్రులు తమ వాద్యమును తామే తక్కువగా మాటలాడుట మానిన చాలును, బిడ్డలకు సగము బలము కలుగును. మహాసభవారును పోషకులును దండునుండి మరలివచ్చు యువకులకు ఒక సంవత్సరము చేయూతనిచ్చి, వారి విద్యను పరీక్షించి, తగిన త్రోవ చూపు ఏర్పాటు చేయుదురుగాక యని ప్రార్థించుచున్నాము. వీధిలో దూరదర్శిని నిలిపినవాడు మన యిండ్లలోను ఉండవచ్చును. ఆగి చూచువారు కావలెను.

సర్వేశ్వరుడు మన యువకులకు దీర్ఘాయువును, నిలుకడగల వృత్తిని, దానికి తగిన ఓపికను ప్రసాదించుగాక. శుభమస్తు.